వెచ్చని బిళ్ళ

బహుళ షష్ఠి, ఉదయం ఆటు

తూములు తెరిచారు. మోటార్లు ఆగాయి. దక్షిణపు కట్ట పొడవునా తీగల అతుకులు మంచినీళ్ళ గుడ్డతో తుడిచాను. మొన్న తుడిచిన చోటే ఉప్పు మళ్ళీ పేరుకుంది. ఈ సముద్రానికి వేరే పనున్నట్టు లేదు. ఒక మీటరు పెట్టెలో పీత కాపురం పెట్టింది. ఖాళీ చేయించబోతే నా వేలు పట్టుకుంది.

తీగ కాపరి రోజువారీ సంగతులు రాయాలని ఊరి పెద్దల మాట. తీగ సంగతులు మాత్రమే రాయమన్నారు. తీగ చివర ఇళ్ళున్నాయి, ఇళ్ళలో మనుషులున్నారు. నేను అన్నీ రాస్తాను, నచ్చనివాళ్ళు చదవొద్దు.

మా చెల్లెలు రేణుక నిన్న ప్రసవించింది. ఆడపిల్ల. ఇక్కడ ఎవరిదో పెళ్ళిభోజనం అయిపోతున్నట్టు రెండు నెలలు ముందే వచ్చేసింది. రెండు అరచేతుల్లో ఇమిడిపోయింది. ఊరంతటికీ ఒక్కటే ఉన్న పొదుగుపెట్టెను మందుల కొట్టం నుంచి మోసుకొచ్చి రేణుక మంచం పక్కన పెట్టాం. పెట్టె అడుగున అరచేతిలో సగమంత బోర్డు ఉంది. పిల్ల ఒంటి వేడిని చూసేదీ అదే, ఊపిరిని చూసేదీ అదే. ఇంత ముందు పుట్టిన పిల్లలు మధ్యమధ్య ఊపిరి తీయడం మరిచిపోతారు. అప్పుడు ఆ బోర్డు పక్క కింద చిన్న కుదుపు ఇస్తుంది, పిల్ల మళ్ళీ ఊపిరి తీస్తుంది. అలాంటి బోర్డులు చేసేవాళ్ళు నీళ్ళు పైకి రాకముందు ఉండేవాళ్ళు. ఇప్పుడు లేరు. పెట్టెకున్న బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కాబట్టి ఆ పిల్ల ప్రాణం మా తీగ మీద ఉంది.

రేణుక అత్తగారు అంకమ్మ తన ఇంటి కాపుబిళ్ళ ఊడదీసుకుని వచ్చింది. మోటార్లు ఆగిన ప్రతిసారీ తీగ ఉలిక్కిపడుతుంది. కరెంటు ఒక్క క్షణం మామూలు కంటే ఎన్నో రెట్లు ఎగురుతుంది. ఆ ఉలుకును ఇంట్లోకి పోనీయకుండా మింగేసేది ఈ నీలం బిళ్ళే, రూపాయంత ఉంటుంది. కొత్త బిళ్ళలు చల్లగా ఉంటాయి. మావాళ్ళు వాటిని నిద్రబిళ్ళలంటారు. ఏళ్ళ తరబడి ఉలుకులు మింగిన బిళ్ళ, తీగకు తగిలించి ఉన్నంతసేపూ వెచ్చగా ఉంటుంది. మేలుకుందని లెక్క. పెళ్ళిలో పెట్టేదీ పురిటింటికి ఇచ్చేదీ మేలుకున్న బిళ్ళనే.

"నాంచారీ, ఆ నిద్రబిళ్ళ తీసెయ్యి. ఇది పెట్టు. మా ఇంటి మీద పడ్డ పిడుగుని మింగిందిది" అంది అంకమ్మత్త.

"మరి మీ ఇంటికి?"

"ఆ నిద్రదాన్ని నేను పట్టుకుపోతాలే. నా ఇంట్లో ఏముంది, ఒక దీపం, ఒక ముసల్ది."

మర నేనే బిగించాను. కాసేపయ్యాక అందరూ వరసగా చేతి వెనకవైపు బిళ్ళకు ఆనించి చూశారు. బిళ్ళను వేలితో ముట్టరు, అది మర్యాద కాదు. నేనూ ఆనించాను. పిల్లి కడుపంత వెచ్చగా ఉంది. నాకు ధైర్యం కలిగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

బహుళ అష్టమి, మధ్యాహ్నం

పిల్ల బాగుంది. పాలు దూదితో పిండుతున్నారు.

అమావాస్య పోటుకు దక్షిణపు కట్ట ఊరుతుందని మోటారు కొట్టం పెద్ద యోహాను లోపలి నీళ్ళు తోడటానికి నాలుగో మోటారు కొత్తగా బిగించాడు. మంచి పనే. కానీ యోహాను మోటార్లు ఆపే పద్ధతి ఒకటుంది. నీళ్ళు గీత కిందికి రాగానే "దించండ్రా!" అని ఒక కేక పెడతాడు. అందరూ తమ తమ మోటారు పిడులు ఒక్కసారే దించుతారు. ఆ చప్పుడు ఒక్కటిగా వినిపిస్తే కొట్టంలో అందరికీ మీసాలు మొలుస్తాయి. ఇవాళ మొదటిసారి నాలుగూ కలిపి దించారు. నా మీటరు ముల్లు ఎన్నడూ ముట్టని చోటికి ఎగిరింది.

తూర్పు వీధిలో నాలుగిళ్ళ ఫ్యాన్లు పోయాయి. బడిలో మంచినీళ్ళ యంత్రం బోర్డు మాడింది. రేణుక ఇల్లు తీగ చివర ఉంది కాబట్టి అక్కడికి ఉలుకు తగ్గి చేరింది. చిత్రమేమంటే పోయినవన్నీ పాత ఇళ్ళవి, మేలుకున్న బిళ్ళలున్నవి. కొత్తగా కట్టిన గుడిసెల్లో, ఎవరూ పట్టించుకోని నిద్రబిళ్ళల కింద, చిన్న రేడియో కూడా చెడలేదు. "వాళ్ళ అదృష్టం" అన్నారంతా. తూర్పు వీధికి శనీ, గుడిసెలకు గురుడూ పట్టారనుకోవాలి కాబోలు.

మాడిన బిళ్ళ ఒకటి తెచ్చి చూడాలి.

బహుళ దశమి, సాయంత్రం

బడిలో మాడిన బిళ్ళ తెచ్చుకున్నాను. అంచున గోధుమరంగు మచ్చ. మా ఇంటి బిళ్ళ కూడా ఊడదీశాను; మా నాయనమ్మనాటిది, వెచ్చనిది. అరలోంచి కొత్తది ఒకటి తీశాను. మూడింటినీ పరీక్ష బల్ల మీద పెట్టి కరెంటు కొంచెం కొంచెంగా పెంచాను.

బిళ్ళ పని గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి పని. మామూలు కరెంటును దాని దారిన పోనివ్వాలి, తను ముట్టకూడదు. ఉలుకు వచ్చినప్పుడే చెయ్యి చాచి పట్టుకోవాలి. కొత్తది అలాగే చేసింది. మా నాయనమ్మ బిళ్ళ మామూలు కరెంటునే తాగుతూ కూర్చుంది. బడి బిళ్ళ అసలు దేన్నీ ఆపలేదు. మింగిన ప్రతి ఉలుకూ లోపల కొంత తినేసి పోయింది. ఇక మామూలు కరెంటును కూడా ఆపుకోలేక అది కారిపోతోంది. ఆ కారడమే వెచ్చదనం. మేలుకోవడం కాదు, చచ్చిపోతూ ఉండటం.

మూడుసార్లు చూశాను. మూడుసార్లూ అదే.

ఎవరి మీద ఎక్కువ ప్రేమ ఉందో వాళ్ళకు ఎక్కువ అరిగిన బిళ్ళ ఇచ్చుకుంటూ వచ్చాం మేము. పిడుగు మింగిన బిళ్ళ ఇప్పుడు పిల్ల పెట్టె పక్కన ఉంది.

బహుళ ద్వాదశి, ఉదయం

చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

అంకమ్మత్త పెట్టె పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. మొదట నవ్వింది. తరువాత ముఖం మారింది.

"ఏందమ్మే, పిడుగుని మింగిన బిళ్ళ పనికిరాదంటావా?"

"మింగింది కాబట్టే అత్తా, ఇంక మింగలేదు."

"నీ మొగుడు పిల్లకాయగా ఉన్నప్పుడు పడిందే ఆ పిడుగు" అని రేణుక వైపు తిరిగింది. "చుట్టుపక్కల ఇళ్ళల్లో దీపం లేదు, పొయ్యి లేదు. మా ఇంట్లో మాత్రం నీ మొగుడు దీపం కింద కూర్చుని అన్నం తిన్నాడు. వాణ్ణి కాచిన బిళ్ళ వాడి కూతుర్ని కాయదా?"

"మొన్న ఉలుక్కి తూర్పు వీధి పోయింది గదా. నిద్రబిళ్ళ పెట్టుకున్న మీ ఇంటికి ఏమన్నా అయ్యిందా?"

"నా ఇంట్లో ఏముందని పోవటానికి?" ఇలా కొట్టిపారేసి, తగ్గిన గొంతుతో అడిగింది. "నేనూ దెబ్బలు తిన్నదాన్నేనమ్మా. ముగ్గుర్ని పోగొట్టుకున్నా, ఒక్కణ్ణి మిగుల్చుకున్నా. నన్నూ తీసి అవతల పారేస్తావా?"

మనుషుల సంగతి వేరని అనబోయాను. అలసిపోవడంలో మనుషులకీ బిళ్ళలకీ తేడా ఏమిటో నాకే తెలియలేదు.

వాకిట్లో రేణుక నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నువ్వు చెప్పింది నాకు అర్థమైంది. కానీ ఆవిడ రాత్రీ పగలూ ఆ పీట మీదే ఉంటంది. ఇప్పుడు ఆ బిళ్ళ తీస్తే ఆవిణ్ణి గెంటేసినట్టే అయిద్ది."

"పిల్ల కంటే ఆవిడ మనసు ఎక్కువా?" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. దాని కళ్ళు నిండాయి.

అక్కడి నుంచి మోటారు కొట్టానికి వెళ్ళాను. ఒకదాని తరువాత ఒకటి ఆపితే ఉలుకు నాలుగో వంతుకు తగ్గుతుందని చెప్పాను.

"ఒకటి ముందు ఆపితే, తిరుగుతున్న మిగతా మూడూ తోసే నీళ్ళు దాని గొట్టంలోంచి ఎనక్కి తంతయ్యే" అన్నాడు యోహాను. "మా బాబాయి చెయ్యి పోయింది అట్టాగే. గొట్టాలకి తలుపులు బిగించాలి, అమావాస్య దాటాక చూద్దాం. ఇప్పుడు కట్ట నిలబడాలా, నీ బోర్డు నిలబడాలా?"

వాడన్నదీ తప్పు కాదు. ముందు నుయ్యి వెనక గొయ్యి. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మోటార్లు దించబోయే ముందు కొట్టం మీద ఎర్రగుడ్డ ఊపుతాడు. ఇక్కడ రేణుక కిటికీలోంచి చూసి పొదుగుపెట్టె తీగ ఊడదీస్తుంది. మోటార్లు ఆగాక మళ్ళీ తగిలిస్తుంది. ఆ కాస్తసేపు పెట్టెలో వేడి నిలుస్తుంది, ఊపిరి మనం చూసుకోవచ్చు.

బహుళ చతుర్దశి, ఉదయం పోటు దిగాక

ఎర్రగుడ్డ పద్ధతి నడుస్తోంది. నిన్నటి నుంచి ప్రతి ఆపుకూ రేణుక తీగ పీకింది. నా మీటరు ముల్లు ఆ చివరికే ఎగురుతోంది కానీ బోర్డు భద్రంగా ఉంది.

బిళ్ళ మాత్రం ఇంకా వేడెక్కింది. అంకమ్మత్త చెయ్యి ఆనించి మురిసిపోయింది. "చూడమ్మే, పిల్లకోసం ఎంత మేలుకుందో!" నాకు ఏడుపొచ్చింది. కోపంగా ఉన్నప్పుడు నాకు ఏడుపు రావడం ఒక జబ్బు.

నా ముఖం చూసి ఆవిడే ఒక మెట్టు దిగింది. "పోనీ, నీ మాటా నా మాటా కాదు. రెండూ పెట్టు. పెద్దదాని పక్కన చిన్నది. అది అలిసిపోతే ఇది అందుకుంటది."

వినడానికి ఎంత బాగుంది! అత్తాకోడళ్ళ తగువైతే అక్కడితో తీరిపోయేది. కానీ తీగకు మొహమాటం లేదు. పక్కపక్కన రెండు బిళ్ళలుంటే ఉలుకు ముందుగా లొంగే దాని మీదే పడుతుంది. అరిగిందే ముందు లొంగుతుంది. కొత్తది చూస్తూ ఉండగానే పాతది పగులుతుంది, పగిలితే మంట పుడుతుంది. ఆ పెట్టెకు అంత దగ్గరలో.

"రెండూ కుదరవత్తా. పాతది తియ్యాల్సిందే."

"అయితే నీ నిద్రబిళ్ళ నువ్వే పట్టుకుపో" అంది, నా వైపు చూడకుండా.

అవతలి ఇంటి బిళ్ళను ఆ ఇంటివాళ్ళు ఒప్పుకోకుండా తీయడం మా కట్టలో పెద్ద తప్పు. తాళి తెంపినంత తప్పు. తీసినవాళ్ళను మళ్ళీ తీగ ముట్టనివ్వరు. ఆవిడ స్నానానికి లేచినప్పుడు మార్చేద్దామా అని చాలాసేపు ఆలోచించాను. కొత్తబిళ్ళ నా సంచిలోనే ఉంది. ఎర్రగుడ్డ ఉంది కదా, ఇంకొక్క రోజే కదా అనుకుని ఇంటికి వచ్చేశాను.

అమావాస్య, మధ్యాహ్నం

ఉదయం పోటు కట్ట పైఅంచు దాకా లేచింది. మోటార్లు నాలుగూ తెల్లవారకముందు నుంచి తిరుగుతున్నాయి. నేను రేణుక ఇంటి ఎదురు స్తంభం ఎక్కి అతుకు తుడుస్తున్నాను. అక్కడి నుంచి కొట్టం కనిపిస్తుంది, ఎర్రగుడ్డ చూడొచ్చని ఆ స్తంభమే ఎంచుకున్నాను.

గుడ్డ లేవలేదు. ఎవరిదో తెగిన వల మూడో మోటారు మూతిలోకి పోయింది. మోటారు గింజుకుంది. పెద్ద స్విచ్చి తనంతట తానే పడిపోయింది. నాలుగూ ఒక్కసారే ఆగిపోయాయి. నడుస్తున్న మోటార్లను ఆపడం వేరు, ఊపిరాడక గింజుకుంటున్న వాటిని తెంపేయడం వేరు. నా చేతిలో తీగ జివ్వుమంది. వీధి దీపాలు పగలే తెల్లగా వెలిగి పేలాయి.

స్తంభం మీది నుంచి దూకాను. మడమ బెణికింది. ఇంట్లో కాలిన బంక వాసన. గోడ మీద బిళ్ళ రెండుగా పగిలి నల్లగా వేలాడుతోంది. పెట్టె అద్దం వెనక దీపం లేదు. రేణుక "అక్కా, కుదుపు రావట్లే, పెట్టెలో కుదుపు రావట్లే" అని అరుస్తోంది.

పిల్ల పెట్టెలో లేదు. అంకమ్మత్త రవిక విప్పేసి, పిల్లను తన రొమ్ముల మధ్య ఒంటికి ఆనించుకుని, పైట చుట్టేసి కూర్చుంది. ఎవరూ చెప్పక ముందే చేసింది. ఒక వేలు పిల్ల అరికాలి మీద ఉంది. పిల్ల ఛాతీ ఆగగానే ఆ వేలు అరికాలిని మీటుతోంది. ఛాతీ లేస్తోంది.

పెట్టె విప్పాను. బోర్డు మీది చిన్న ముక్కలు రెండు పొట్ట పగిలి ఉన్నాయి. వాటికి బదులు నా దగ్గర లేవు. ఎవరి దగ్గరా లేవు. రేణుక మొగుడు వెళ్ళిన పడవ పౌర్ణమికి గానీ రాదు, వచ్చినా అలాంటివి తేలేదు.

అంకమ్మత్త నన్నే చూస్తోంది.

"నాంచారీ. నేనే గదా చేసింది."

కాదులే అత్తా అనాలి. అక్కడ ఎవరున్నా అలాగే అనేవాళ్ళు. "అవునత్తా" అన్నాను. "సంచిలో కొత్తది పెట్టుకుని ఇంటికి పోయింది నేను. మనిద్దరమే."

ఆవిడ తల ఊపింది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీగా లేదు. నేనే తుడిచాను.

శుద్ధ పాడ్యమి, సాయంత్రం

బోర్డు చేసే పని ఇప్పుడు మేం ముగ్గురం చేస్తున్నాం. ఒకరు పిల్లను ఒంటికి ఆనించుకుంటే ఇంకొకరు ఊపిరి చూడాలి. చూపు తిప్పకూడదు. ఇంత చిన్న పని ఇంత కష్టమని నాకు తెలియదు. ఆ బోర్డు రెప్ప వేయకుండా ఎలా చూసిందో! కాసేపు చూసేసరికి నా కళ్ళకు పిల్ల ఛాతీ కదలకపోయినా కదిలినట్టే కనిపిస్తోంది.

అంకమ్మత్త పీట మీది నుంచే ఊరికి కబురు పెట్టింది. వెచ్చని బిళ్ళ ఉంచిన ఇంట్లో తను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదట. నేను పదిసార్లు చెబితే విననివాళ్ళు ఆ ఒక్క మాటకు బిళ్ళలు ఊడదీసుకుని వరసగా వచ్చారు. నా అరలోని కొత్తబిళ్ళలు సగం ఊరికి కూడా చాలలేదు. మిగతా ఇళ్ళను మోటారు ఆగేవేళ తీగలు పీకేయమన్నాను.

యోహాను వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గొట్టాలకు తలుపులు బిగించడం మొదలుపెట్టానని, అవి పూర్తికాకపోయినా ఇక కేక పెట్టనని, ఒక్కొక్కరి పేరు పిలిచి ఒక్కొక్క పిడి దించిస్తానని అన్నాడు. "మరి మీ బాబాయి చెయ్యి?" అన్నాను. "గొట్టం దగ్గర నేనే నిలబడతాలే" అన్నాడు.

శుద్ధ చవితి, ఉదయం

పిల్ల ఇంకా ఉంది. ఇంతకంటే ఏమీ రాయలేను. పాలు కొంచెం ఎక్కువ తాగింది. ఊపిరి మరిచిపోవడం తగ్గిందని రేణుక అంటుంది, నాకైతే తగ్గినట్టు లేదు. తల్లి కళ్ళు వేరు.

రేణుకను బలవంతంగా పడుకోబెట్టి నేను కూర్చున్నాను. పిల్ల అంకమ్మత్త గుండెల మీద ఉంది. ఆవిడ వెన్ను గోడకు ఆనించి అలాగే ఉంది. పగిలిన బిళ్ళ ముక్కలు రెండూ ఆవిడ కొంగున ముడేసి ఉన్నాయి. పారేయమని నేను అనలేదు.

"నాంచారీ, చెయ్యి ఆనించి చూడు" అంది.

చేతి వెనకవైపు పిల్ల వీపుకు ఆనించాను. "వెచ్చగా ఉందత్తా."

ఆవిడ ముఖంలో భయం కనిపించింది. ఇన్నేళ్ళలో ఆ మాట విని ఆవిడ భయపడటం నేను చూడలేదు.

"ఎట్టాంటి వెచ్చన? ఆ బిళ్ళ లాగా కారిపోయే వెచ్చన కాదు గదా?"

నా పరీక్ష బల్ల మీద దానికి జవాబు దొరకదు. తీగ గురించి అడిగితే చెప్పగలను. మళ్ళీ చెయ్యి ఆనించాను. అలా ఉండగానే నా చేతి కింద వీపు ఆగిపోయింది. లేవలేదు. అరికాలిని మీటాను. లేవలేదు. "అమ్మలూ" అని గట్టిగా పిలిచి ఇంకోసారి మీటాను.

పిల్ల ఒళ్ళంతా ఉలిక్కిపడింది. గుప్పిట విడిచి, ఊపిరి లాగి, కోపంగా ఏడ్చింది. ఇంత గట్టిగా ఏడవడం ఇదే మొదలు. రేణుక లేచి కూర్చుంది. అంకమ్మత్త ఏడుస్తూ నవ్వుతూ "ఆపబాకమ్మా, ఏడవనీ, ఏడవనీ" అంటోంది.

బయట యోహాను మొదటి పేరు పిలిచాడు. ఒక పిడి దిగింది. కాసేపాగి రెండో పేరు పిలిచాడు. తీగ ఎంత ఎగిరిందో నేను రాయలేదు. మీటరు మా ఇంట్లోనే ఉండిపోయింది, అతుకులు తుడవడానికి ఇవాళ నేను వెళ్ళలేదు.